లక్షల కొలువుల లెక్క: సోలార్, బ్యాటరీ, డేటా సెంటర్లు ఎన్ని ఉద్యోగాలిస్తాయి, ఎలాంటివి ఇస్తాయి?

2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సమీకృత క్లీన్ ఎనర్జీ పాలసీ తెచ్చింది. 10 లక్షల కోట్ల రూపాయల పెట్టుబడి, 7.5 లక్షల ఉద్యోగాలు అని అందులో లక్ష్యం పెట్టుకుంది. అంతకు ముందు, 2023 జనవరిలో కేంద్రం ఆమోదించిన జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ 2030 నాటికి 8 లక్షల కోట్ల పెట్టుబడి, 6 లక్షల ఉద్యోగాలు వస్తాయంది. 2025 అక్టోబరులో విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో భారీ డేటా సెంటర్ ఉండే ఏఐ హబ్ పెడతామని గూగుల్ ప్రకటించింది. దానివల్ల దాదాపు 1.88 లక్షల ఉద్యోగాలని రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. ఆ వెంటనే, డేటా సెంటర్‌లో పట్టుమని కొన్ని వందల మంది కూడా పనిచేయరని విమర్శలు మొదలయ్యాయి.

ఇలాంటి ప్రకటన వచ్చిన ప్రతిసారీ అదే వాదన. ఒకరు లక్షలంటారు, ఇంకొకరు వందలంటారు. చిత్రమేమిటంటే, చాలాసార్లు ఇద్దరి దగ్గరా ఎంతో కొంత నిజం ఉంటుంది. ఇద్దరూ లెక్కపెడుతున్న వస్తువు ఒకటి కాదు, అంతే.

ముందు ఒక చిన్న భాగహారం చేద్దాం. 10 లక్షల కోట్లను 7.5 లక్షల ఉద్యోగాలతో భాగిస్తే ఒక్కో ఉద్యోగానికి 1.33 కోట్ల పెట్టుబడి. గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌ది చూసినా 8 లక్షల కోట్లు, 6 లక్షల ఉద్యోగాలు కాబట్టి మళ్లీ అదే 1.33 కోట్లు. రెండూ అచ్చంగా కలవడం యాదృచ్ఛికమే కావచ్చు. కానీ ఆ అంకె ఎంత పెద్దదో చూడాలి. 2030 వరకూ ఏటా వ్యవసాయం బయట 78.5 లక్షల ఉద్యోగాలు కావాలని 2023-24 ఆర్థిక సర్వే అంచనా వేసింది. అన్నీ ఈ రేటుకే సృష్టించాలంటే ఏటా 104 లక్షల కోట్లు పెట్టాలి. 2024-25లో దేశ జీడీపీ సుమారు 331 లక్షల కోట్లు. అంటే దేశ సంపాదనలో మూడో వంతుకు దగ్గరగా ఏటా ఈ ఒక్కదానికే పోయాలి. అది అయ్యే పని కాదు.

అందుకని హరిత పరిశ్రమే నిరుద్యోగానికి మందు అనుకుంటే ఆశాభంగం తప్పదు. అలాగని అది ఇచ్చే ఉద్యోగాలను కొట్టిపారేయాల్సిన పనీ లేదు. ఏ దశలో ఎన్ని ఉద్యోగాలు వస్తాయి, ఎంతకాలం ఉంటాయి, ఎవరికి దక్కుతాయి అన్నది విడివిడిగా చూడాలి.

ఉద్యోగం అని దేన్ని లెక్కపెడుతున్నారు?

ప్రకటనల్లో కనిపించే అంకెల్లో మూడు రకాల ఉద్యోగాలు కలిసిపోయి ఉంటాయి. ఆ ప్లాంటులోనే చేసేవి ప్రత్యక్ష ఉద్యోగాలు. ప్లాంటుకు కావాల్సిన ఉక్కు, కేబుళ్లు, లారీలు, క్యాంటీన్ లాంటి వాటిలో వచ్చేవి పరోక్షం. ఈ రెండు రకాల వాళ్లూ జీతం ఖర్చుపెడితే ఊళ్లో టిఫిన్ సెంటర్‌కో, బట్టల కొట్టుకో గిరాకీ పెరిగి పుట్టేవి ప్రేరిత ఉద్యోగాలు. మొదటి రకాన్ని మస్టర్ చూసి లెక్కపెట్టొచ్చు. మిగతా రెండింటినీ మనుషుల్ని చూసి లెక్కపెట్టరు, ఆర్థిక నమూనాల్లో గుణించి తీస్తారు. గుణకం కాస్త మారిస్తే లక్ష కాస్తా రెండు లక్షలవుతుంది. విశాఖ అంకెలోనూ ప్రత్యక్షం, పరోక్షం కలిసే ఉన్నాయి. విమర్శకులు వందలంటున్నది మాత్రం డేటా సెంటర్ నడపడం మొదలయ్యాక లోపల పనిచేసేవాళ్ల గురించి.

రెండో చిక్కు కాలానిది. పది మంది ఒక్క ఏడాది చేసే పనీ, ఒక్క మనిషి పదేళ్లు చేసే పనీ పరిమాణంలో సమానమే. దీన్ని కొలవడానికి నిపుణులు పని-ఏడాది అనే కొలమానం వాడతారు. ఒక మనిషి ఏడాది పొడుగునా చేసే పూర్తికాలపు పని ఒక పని-ఏడాది. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీలు, కూలీలు, వడ్రంగులు, ఎలక్ట్రీషియన్లు కలిసి ఇరవై మంది ఉంటారు, గృహప్రవేశం అయ్యాక మిగిలేది మహా అయితే ఒక వాచ్‌మన్. సోలార్ ప్లాంటుదీ అదే తంతు. ఇరవైని చెప్పాలా, ఒకటిని చెప్పాలా అన్నది చెప్పేవాడి అవసరాన్ని బట్టి ఉంటుంది.

కర్నూలు పార్కు మీద ఒక లెక్క

ఓర్వకల్లు దగ్గర గని, శకునాల గ్రామాల పరిధిలో దాదాపు 6 వేల ఎకరాల్లో కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్కు ఉంది. 2017లో ఉత్పత్తి మొదలైనప్పుడు ఒకేచోట 1,000 మెగావాట్లంటే ప్రపంచంలోనే అతిపెద్ద పార్కుల్లో ఒకటి. 40 లక్షలకు పైగా ప్యానెళ్లు, సుమారు 7,000 కోట్ల పెట్టుబడి.

సోలార్ ఉద్యోగాల మీద మన దేశంలో ఎక్కువగా వాడే గుణకాలు సీఈఈడబ్ల్యూ, ఎన్‌ఆర్‌డీసీ అనే ఇంధన, పర్యావరణ అధ్యయన సంస్థలు 2017లో ఇచ్చినవి. నేల మీద పెట్టే పెద్ద ప్లాంటుకు ఒక్కో మెగావాట్‌కు 3.45 పని-ఏడాదులని వాళ్ల లెక్క. దాన్ని విడగొడితే ప్రాజెక్టు సంపాదించుకోవడానికి 0.05, డిజైన్, ముందస్తు పనులకు 0.20, నిర్మాణానికి 2.70, తర్వాత నడపడానికి, చూసుకోవడానికి ఏటా 0.50. ఈ గుణకాన్ని కర్నూలుకు వేస్తే నిర్మాణంలో 2,700 పని-ఏడాదులు, ఆ తర్వాత నడిపినంతకాలం సుమారు 500 మందికి పని. ప్లాంటు పెద్దదయ్యేకొద్దీ, యంత్రాలు వచ్చేకొద్దీ ఈ 500 తగ్గుతుందే తప్ప పెరగదు. నీళ్లు లేకుండా ప్యానెళ్లు తుడిచే రోబోలు ఇప్పటికే చాలా ప్లాంట్లలో ఉన్నాయి.

500నే తీసుకుందాం. 7,000 కోట్లను 500తో భాగిస్తే నిలబడే ఒక్కో ఉద్యోగానికి 14 కోట్లు. పాలసీలో కనిపించిన 1.33 కోట్లకూ దీనికీ పది రెట్ల తేడా. పాలసీ అంకెల్లో తప్పుందని దీని అర్థం కాదు. తయారీ, నిర్మాణం, పరోక్షం అన్నీ కలిపితే ఆ అంకె రావచ్చు. కానీ ఆ ప్రకటన చదివే ఓర్వకల్లు కుర్రాడు ఊహించుకునేది మాత్రం ఈ 500లో ఒకటి.

దీనికి ఎదురు వాదన కూడా గట్టిదే. కరెంటు ప్లాంటును అది ఎంతమందిని పెట్టుకుందన్న దాన్ని బట్టి కొలవడం సరికాదని ఇంధన ఆర్థికవేత్తలు అంటారు. దాని పని చవగ్గా కరెంటివ్వడం. ఆ కరెంటుతో నడిచే మిల్లు, కోల్డ్ స్టోరేజీ, ఫౌండ్రీ ఉద్యోగాలిస్తాయి. తక్కువ మందితో ఎక్కువ యూనిట్లు వస్తున్నాయంటే అది సామర్థ్యమే. కాదనలేం. కాకపోతే ఆ మిల్లు ఓర్వకల్లులో ఉండాలని లేదు. తీగల మీద కరెంటు ఎంత దూరమైనా పోతుంది. భూమి ఇచ్చిన ఊరు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఇంటి కప్పు మీద పెడితే ఏడింతలు పని, ఎందుకు?

అదే అధ్యయనం రూఫ్‌టాప్ సోలార్‌కు మెగావాట్‌కు 24.72 పని-ఏడాదులని చెప్పింది. నేల మీద ప్లాంటుకు ఏడింతలు. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. 3 కిలోవాట్ల చొప్పున పెడితే ఒక్క మెగావాట్‌కు 333 ఇళ్లు తిరగాలి. ప్రతి ఇంట్లో యజమానిని ఒప్పించాలి, కప్పు కొలవాలి, నీడ ఎటు పడుతుందో చూడాలి, కరెంటు పంపిణీ సంస్థ డిస్కమ్‌లో దరఖాస్తు, బ్యాంకు లోను, నెట్ మీటర్, బిగింపు. ఎడారిలో వరసగా స్తంభాలు పాతుకుంటూ పోయే పని కాదిది.

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కోటి ఇళ్లను లక్ష్యంగా పెట్టుకుంది. 75,021 కోట్ల కేటాయింపు, ఇంటికి గరిష్ఠంగా 78,000 రూపాయల సబ్సిడీ. 30 గిగావాట్ల సామర్థ్యం వస్తుందనీ, 17 లక్షల ప్రత్యక్ష ఉద్యోగాలు వస్తాయనీ కేంద్రం అంచనా. మన గుణకం వేసి చూస్తే 30,000 మెగావాట్లను 24.72తో గుణించాలి, 7.4 లక్షల పని-ఏడాదులు వస్తాయి. 17 లక్షలకూ దీనికీ మధ్య తేడా ఎక్కడిది? ప్రభుత్వం తన లెక్కలో ప్యానెళ్ల తయారీ, రవాణా, సరఫరా గొలుసు కూడా కలిపింది. గుణకంలో అవి లేవు. పైగా 7.4 లక్షలు అన్నవి పని-ఏడాదులు. నాలుగేళ్లలో కోటి ఇళ్లూ పూర్తయితే సగటున ఏ ఏడాది చూసినా 1.85 లక్షల మందికి పని ఉన్నట్టు. అది తక్కువేం కాదు, ముఖ్యంగా ఆ పని ప్రతి మండల కేంద్రానికీ చేరుతుంది కాబట్టి. కానీ పథకం పూర్తయ్యాక ఆ మనుషులు ఏం చేస్తారన్నది మిగిలే ఉంటుంది.

ఇందులోనూ రెండు వైపులున్నాయి. పని ఎక్కువైతే ఖర్చూ ఎక్కువే, కప్పు మీద యూనిట్ కరెంటు పెద్ద ప్లాంటు కరెంటు కన్నా ఖరీదు. ఆ తేడాను సబ్సిడీ భరిస్తోంది. ఉపాధికి విలువ ఇచ్చేవాళ్లకు ఇది సబబుగా కనిపిస్తుంది. డబ్బుకు విలువ చూసేవాళ్లు అదే సొమ్ముతో ఇంకెన్ని మెగావాట్లు వచ్చేవో లెక్కేస్తారు.

మంచి ఉద్యోగం అంటే: సింగరేణిలో రెండు రకాల దసరా

ఎన్ని ఉద్యోగాలన్నది ఒక ప్రశ్న, ఎలాంటివన్నది ఇంకొకటి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1999 నుంచి గౌరవప్రదమైన పని అనే మాట వాడుతోంది. బతకడానికి సరిపడే జీతం, ప్రాణానికి భద్రత, జబ్బు చేసినా వయసు మళ్లినా ఆదుకునే ఏర్పాటు, నలుగురూ కలిసి తమ మాట చెప్పుకునే హక్కు దాని సారాంశం. మన దగ్గర నెలజీతం మీద వ్యవసాయేతర పనులు చేసేవాళ్లలో సగానికి పైగా మందికి రాతపూర్వక ఒప్పందమే లేదని ప్రభుత్వ కార్మిక సర్వేలే చెబుతున్నాయి. కాబట్టి హరిత పరిశ్రమ ఏదో ఆదర్శ లోకంలోకి దిగడం లేదు.

పరిశ్రమ కొత్తదైతే, శుభ్రమైనదైతే ఉద్యోగమూ మంచిదై ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఆ భ్రమ పోవడానికి బొగ్గుబాయి కన్నా మంచి ఉదాహరణ లేదు. బొగ్గు మురికి పరిశ్రమ, అందులో అనుమానం లేదు. కానీ తెలంగాణలో పదో తరగతి చదివిన మనిషికి సింగరేణి పర్మినెంట్ కొలువును మించింది లేదని రామగుండం, మందమర్రి, కొత్తగూడెంలో ఎవరినడిగినా చెబుతారు. క్వార్టర్, ఆస్పత్రి, జాతీయ వేతన ఒప్పందం, వారసులకు కారుణ్య నియామకం, దసరాకు లాభాల్లో వాటా. 2024లో ప్రకటించిన వాటా 33 శాతం, మొత్తం 796 కోట్లు. పర్మినెంట్ కార్మికుడికి సగటున 1.90 లక్షల రూపాయలు ముట్టాయి.

అదే గనిలో, అదే దుమ్ములో, ఓపెన్‌కాస్ట్‌లో బొగ్గు పైనుండే ఓబీ మట్టి తీసే పనుల నుంచి వాచ్ అండ్ వార్డ్ దాకా సుమారు 25 వేల మంది కాంట్రాక్ట్ కార్మికులున్నారు. ఆ ఏడాది వాళ్లకు తొలిసారిగా వాటా ఇచ్చారు. తలా 5,000 రూపాయలు. ఒకే బొగ్గు, ఒకే షిఫ్టు, పండగ పూట తేడా 38 రెట్లు.

ఉద్యోగం మంచిదా కాదా అన్నది అది ఏ రంగు పరిశ్రమలో ఉందన్న దాని మీద ఆధారపడదని నాకు అనిపించేది ఇక్కడే. దాన్ని తేల్చేది జీతం ఇచ్చేది ఎవరు, ఏ కాగితం మీద, ఎన్నేళ్లకు, అడిగేందుకు వెనక యూనియన్ ఉందా లేదా అన్నది. బొగ్గుబాయి పని కూడా పుట్టుకతోనే మంచి ఉద్యోగం కాదు. దశాబ్దాల సమ్మెలు, సంఘాలు, బేరాలు దాన్ని అలా చేశాయి.

సోలార్ ప్లాంటులో ఈ నిర్మాణం వేరుగా ఉంటుంది. పెట్టుబడిదారు ఒకరు. కట్టేది ఈపీసీ కాంట్రాక్టర్, నడిపేది ఓ అండ్ ఎం కంపెనీ, మనుషుల్ని తెచ్చేది దానికింద మ్యాన్‌పవర్ ఏజెన్సీ. ఐటీఐ ఎలక్ట్రీషియన్ చదివినవాళ్లు ఇన్వర్టర్ల దగ్గర టెక్నీషియన్లవుతారు, కంట్రోల్ రూమ్‌లో కొద్దిమంది ఇంజినీర్లు. మిగతా వాళ్లంతా సెక్యూరిటీ, గడ్డి కోత, ప్యానెళ్లు కడగడం. మూడేళ్లకో ఐదేళ్లకో ఏజెన్సీ మారితే సర్వీసు మళ్లీ మొదటికొస్తుంది. వెయ్యి మెగావాట్లలో 500 మందే, అదీ నాలుగైదు కంపెనీల కింద చీలి ఉంటే, యూనియన్ కట్టడానికి తగినంత మంది ఒకచోట దొరకరు.

పావగడ: భూమి ఉన్నవాళ్లు, లేనివాళ్లు

మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ ఉండి, తెలుగు మాట్లాడేవాళ్లే ఎక్కువగా ఉన్న కర్ణాటక తాలూకా పావగడ. కరువు సీమ. వేరుశెనగ వేస్తే నాలుగేళ్లకోసారి పండేది. అక్కడ 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల పార్కు పెట్టారు. భూమి కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. 28 ఏళ్ల లీజు, ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు.

ఐదెకరాల రైతుకు ఏటా లక్షా ఐదు వేలతో మొదలైంది. వానతో పనిలేదు, విత్తనాల టెన్షన్ లేదు. భూమి పట్టా తన పేరనే ఉంది. భూసేకరణలో గొడవలు పడే ఊళ్లతో పోలిస్తే ఇది మేలైన పద్ధతని చాలామంది మెచ్చుకున్నారు, నిజమే కూడా. కానీ అదే ఊళ్లో సెంటు భూమి లేని కూలి మనిషి సంగతి చూడండి. కలుపు తీత, కాయ కోత, మేకలకు మేత, అన్నీ ఆ 13,000 ఎకరాలతో పాటే కంచె లోపలికి పోయాయి. లీజు సొమ్ములో ఆమెకు పైసా లేదు.

ఉద్యోగాలతో ఆ లోటు పూడుతుందా? మెగావాట్‌కు 0.50 చొప్పున 2,050 మెగావాట్లకు 1,025 మంది. దాదాపు 12.7 ఎకరాలకు ఒక ఉద్యోగం. అందులోనూ సాంకేతిక పనులు బయటి నుంచి వచ్చినవాళ్లవి. ఊరివాళ్లకు మిగిలేది కాపలా, గడ్డి కోత, కడుగుడు. సోలార్ టెక్నీషియన్ల కోసం కేంద్రం 2015 నుంచి సూర్యమిత్ర పేరుతో మూడు నెలల శిక్షణ ఇస్తోంది. అయితే పదో తరగతి, ఐటీఐ దాటినవాళ్లకే అది అందుతుంది. పొలంలో కలుపు తీసిన నలభై ఏళ్ల ఆమె అందులో చేరలేదు.

ఆడవాళ్ల లెక్క ఇంకా తక్కువ. ప్రపంచంలో పునరుత్పాదక ఇంధన రంగంలో మహిళలు 32 శాతమైతే, మన దేశంలో రూఫ్‌టాప్ సోలార్ కంపెనీల్లో 11 శాతమేనని 2019లో ఒక అధ్యయనం తేల్చింది. ఊరికి దూరంగా సైట్, బస్సు లేదు, టాయిలెట్ లేదు అంటే ఎవరు మాత్రం పంపుతారు? తెలంగాణ ప్రభుత్వం 2024లో మరో దారి పట్టింది. 1,000 మెగావాట్ల సోలార్ ప్లాంట్లను మహిళా సంఘాల చేతే పెట్టించాలని నిర్ణయించింది. ఇక్కడ మహిళలు ఉద్యోగులు కారు, యజమానులు. ఉద్యోగాలు తక్కువగా ఇచ్చే పరిశ్రమలో ఆదాయాన్ని జీతం రూపంలో కాకుండా వాటా రూపంలో పంచడం ఆలోచించదగ్గ సంగతే. అప్పు తీరడం, డిస్కమ్ సమయానికి డబ్బు కట్టడం మీద దాని జయాపజయాలు ఆధారపడతాయి.

తయారీ ఇక్కడే చేస్తే?

నడపడంలో ఉద్యోగాలు లేవని తేలాక అందరి చూపూ తయారీ వైపు తిరుగుతుంది. అంతర్జాతీయ పునరుత్పాదక ఇంధన సంస్థ లెక్కల ప్రకారం 2023లో ఈ రంగంలో ప్రపంచమంతా కలిపి 1.62 కోట్ల ఉద్యోగాలుంటే అందులో 74 లక్షలు చైనావి. మనవి 10 లక్షల పైచిలుకు. సోలార్ ప్యానెల్ తయారీలో ప్రతి దశలోనూ 80 శాతానికి పైగా చైనా చేతిలో ఉండటం ఈ తేడాకు ఒక ముఖ్య కారణం.

అందుకే కేంద్రం సోలార్ మాడ్యూళ్లకు, అంటే బిగించడానికి సిద్ధమైన ప్యానెళ్లకు, రెండు విడతల్లో 24,000 కోట్ల పీఎల్‌ఐ (ఉత్పత్తిని బట్టి ఇచ్చే) ప్రోత్సాహకం పెట్టింది, దిగుమతుల మీద సుంకాలు వేసింది, ఆమోదిత జాబితాలో ఉన్న దేశీయ మాడ్యూళ్లే వాడాలంది. ఫలితం కనిపించింది. 2025 ఆగస్టులో దేశంలో మాడ్యూళ్ల తయారీ సామర్థ్యం 100 గిగావాట్లు దాటింది. కాకపోతే మాడ్యూల్ అనేది చివరి అంచె. దానికి ముందు సెల్, దానికి ముందు వేఫర్, ఇంకా ముందు పాలిసిలికాన్ ఉంటాయి. వెనక్కి వెళ్లేకొద్దీ మన సామర్థ్యం పలచబడుతుంది. సెల్స్ తెచ్చి అద్దం, ఫ్రేమ్ బిగించే పని అసెంబ్లీ. దానిలో ఉద్యోగాలుంటాయి కానీ నైపుణ్యం, జీతం పెరిగే అవకాశం తక్కువ. పీఎల్‌ఐ మీద రఘురామ్ రాజన్ లాంటి ఆర్థికవేత్తలు మొబైల్ ఫోన్ల విషయంలో ఎత్తిన అభ్యంతరమూ ఇదే: సబ్సిడీ ఇచ్చి బిగింపు పని తెచ్చుకుంటున్నామా, తయారీనా? సమర్థించేవాళ్ల జవాబు ఏమిటంటే, చైనా కూడా బిగింపుతోనే మొదలుపెట్టిందని. మరో వర్గం ఇంకో మాట అంటుంది. సుంకాలతో ప్యానెల్ ధర పెరిగితే బిగించేవాళ్ల ఉద్యోగాలు తగ్గుతాయి, వాళ్లు ఫ్యాక్టరీ కార్మికుల కన్నా ఎక్కువమంది కదా అని.

మన చేరువలోని ఉదాహరణ మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా పెడుతున్న లిథియం బ్యాటరీల ఫ్యాక్టరీ. 2023 మేలో శంకుస్థాపన జరిగింది. పదేళ్లలో 9,500 కోట్ల పెట్టుబడి, 4,500 ప్రత్యక్ష ఉద్యోగాలు, అంతే సంఖ్యలో పరోక్షం అని ప్రకటించారు. ప్రత్యక్షంగా ఒక్కో ఉద్యోగానికి 2.1 కోట్లు. సోలార్ పార్కు 14 కోట్లతో పోలిస్తే చాలా నయం. పైగా వేలమంది ఒకే గేటులోంచి లోపలికి వెళతారు. నైపుణ్యం పెరగడానికీ, సంఘం కట్టడానికీ, ఈఎస్‌ఐ, పీఎఫ్ తనిఖీలకూ ఫ్యాక్టరీ అనుకూలమైన చోటు.

తయారీ కూడా తనంతట తాను మంచి ఉద్యోగానికి హామీ కాదని ఇండోనేసియా చూపించింది. బ్యాటరీల్లోనూ వాడే నికెల్ ముడి ఖనిజం ఎగుమతిని 2020 జనవరిలో నిషేధించి, శుద్ధి తమ దగ్గరే జరగాలని ఆ దేశం పట్టుబట్టింది. చైనా కంపెనీలు దిగాయి. సులవేసి దీవిలోని మొరోవాలిలో వేల ఉద్యోగాలు వచ్చాయి. దేశీయ తయారీ కోరుకునేవాళ్లు ఈ కథను ఇక్కడిదాకా చెబుతారు. 2023 డిసెంబరు 24న అక్కడ నికెల్ కరిగించే ఒక కేంద్రంలో (స్మెల్టర్) పేలుడు జరిగి 21 మంది చనిపోయారు. కార్మికులు అంతకు ముందు నుంచీ భద్రత గురించి ఆందోళన చేస్తూనే ఉన్నారు.

భూమి సమస్య ఫ్యాక్టరీకీ తప్పదు. ఉలవపాడు మండలం కరేడులో సోలార్ ప్యానెళ్ల పరిశ్రమ కోసం వేల ఎకరాలు తీసుకుంటామన్నప్పుడు 2025లో రైతులు రోడ్డెక్కారు. ఏడాదికి రెండు పంటలు పండే భూమి మీద ఇప్పటికే బతుకుతున్నవాళ్లు ఎంతమంది అన్న లెక్క ప్రాజెక్టు నివేదికల్లో అరుదుగా కనిపిస్తుంది. కొత్తగా వచ్చే ఉద్యోగాల్లోంచి పోయే పనులను తీసేస్తే మిగిలేదే అసలు లాభం.

బొగ్గు పోయే చోట ఎండ రాదు

పోయే పనుల్లో అన్నిటికన్నా పెద్దది బొగ్గు. గోదావరి లోయలో ఒక్క సింగరేణి మీదే పట్టణాలకు పట్టణాలు నిలబడ్డాయి. సింగరేణి కూడా సోలార్ ప్లాంట్లు పెడుతోంది, రామగుండంలో ఎన్‌టీపీసీ 100 మెగావాట్ల తేలియాడే సోలార్ ప్లాంటును 2022లో పూర్తిచేసింది. అయితే మన గుణకం ప్రకారం 300 మెగావాట్లు పెట్టినా 150 ఉద్యోగాలే. 40 వేల పర్మినెంట్ కొలువుల పక్కన అదెంత? పైగా దేశంలో సోలార్ ఎక్కువగా వెళ్లేది రాజస్థాన్‌కు, గుజరాత్‌కు, రాయలసీమకు. గనులున్నది వేరే చోట.

దక్షిణాఫ్రికాలో ఇది అనుభవంలోకి వచ్చింది. బొగ్గు నుంచి బయటపడటానికి ఆ దేశానికి 850 కోట్ల డాలర్ల సాయం చేస్తామని 2021లో సంపన్న దేశాలు ముందుకొచ్చాయి. కొమాటి అనే పాత థర్మల్ కేంద్రాన్ని 2022 అక్టోబరులో మూసి, దాన్ని సోలార్, పవన, శిక్షణ కేంద్రంగా మార్చడానికి ప్రపంచ బ్యాంకు దాదాపు 50 కోట్ల డాలర్లు ఇచ్చింది. పర్మినెంట్ ఉద్యోగులను కంపెనీ వేరే కేంద్రాలకు బదిలీ చేసింది. కాంట్రాక్టర్ల కింద పనిచేసినవాళ్లు, కేంద్రం చుట్టూ కొట్లు నడుపుకునేవాళ్లు మాత్రం వీధినపడ్డారు. కొత్త పనులు రాకముందే పాతది మూసేశారని ఆ దేశపు అధ్యక్ష వాతావరణ సంఘమే తప్పుపట్టింది. సింగరేణిలో రేపు ఎవరికి ముందు దెబ్బ తగులుతుందో ఊహించడానికి ఇది చాలు: 5,000 బోనస్ వాళ్లకి.

ఉద్యోగం నాణ్యత ఏ కాగితంలో తేలుతుంది?

చట్టం వైపు చూస్తే, నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం తప్పనిసరి చేశారు, నిర్ణీతకాల ఉద్యోగులకు ఏడాదికే గ్రాట్యుటీ హక్కు వచ్చింది. ఏజెన్సీలు మారుతూ పనిచేసే సోలార్ కార్మికుడికి ఇవి పనికొచ్చేవే. మరోపక్క, 300 కన్నా తక్కువ మంది ఉన్న సంస్థ ప్రభుత్వ అనుమతి లేకుండానే మనుషుల్ని తీసేయొచ్చని అవే కోడ్‌లు చెబుతున్నాయి. ఇంతకుముందు కేంద్ర చట్టంలో ఆ పరిమితి 100. చాలా సోలార్ ప్లాంట్లలో, డేటా సెంటర్లలో 300 మంది ఉండరు. కార్మిక సంఘాల వ్యతిరేకతకు ఇదొక ముఖ్య కారణం.

స్థానికులకే ఉద్యోగాలన్న దారిని ఆంధ్రప్రదేశ్ 2019లోనే ప్రయత్నించింది. పరిశ్రమల్లో 75 శాతం స్థానికులకని చట్టం చేసింది. అలాంటిదే హరియాణా చేస్తే 2023లో అక్కడి హైకోర్టు కొట్టేసింది.

నిజానికి ఉద్యోగం నాణ్యత చాలావరకు టెండర్ రోజునే ఖరారవుతుంది. కర్నూలు పార్కులో 500 మెగావాట్ల కోసం 2015 నవంబరులో జరిగిన వేలంలో అమెరికా కంపెనీ సన్‌ఎడిసన్ యూనిట్‌కు 4.63 రూపాయలు కోట్ చేసి గెలిచింది. అంత తక్కువా అని అప్పట్లో అందరూ నోరెళ్లబెట్టారు. కొన్ని నెలల్లోనే ఆ కంపెనీ దివాలా తీసింది, దాని ఆస్తుల్ని గ్రీన్‌కో తీసుకుంది. 2017 మేలో రాజస్థాన్‌లోని భడ్లా వేలంలో ధర 2.44కి దిగింది. ప్యానెల్ ధర చైనా చేతిలో ఉంది, వడ్డీ బ్యాంకు చేతిలో ఉంది. యూనిట్ ధర పాతికేళ్లకు గడ్డకట్టుకుపోయాక కంపెనీ కోయగలిగేది నిర్వహణ ఖర్చునే, అంటే ఎక్కువగా మనుషుల ఖర్చును.

దక్షిణాఫ్రికా 2011లో మొదలుపెట్టిన పునరుత్పాదక విద్యుత్ టెండర్లలో ధరకు 70 మార్కులే ఇచ్చింది. మిగతా 30 మార్కులు స్థానిక ఉద్యోగాలు, స్థానిక తయారీ, చుట్టుపక్కల 50 కిలోమీటర్లలో ఉన్న జనానికి ప్రాజెక్టులో వాటా లాంటి వాటికి. మొదటి రౌండ్‌లో కరెంటు ఖరీదుగానే వచ్చింది, పోటీ పెరిగేకొద్దీ తర్వాతి రౌండ్లలో బాగా దిగింది. అయినా దశాబ్దం తిరిగేసరికి, 2021 రౌండ్‌లో, అక్కడి ప్రభుత్వం ఆ నిష్పత్తిని 90కి 10గా మార్చేసింది. మన సోలార్ వేలాల్లో సాంకేతిక అర్హత దాటాక గెలుపు తేలేది యూనిట్ ధర మీద. దక్షిణాఫ్రికా పదికి తగ్గించుకున్న ఆ మార్కుల గడి ఇక్కడ ఇంకా తెరవనే లేదు.